షుగరుకు ఆకు మందు: పరీక్షకు నిలిచేదెంత?

మా రాబర్ట్‌సన్‌పేటలో ఎవరికైనా షుగరు వచ్చిందని తెలిస్తే చాలు, సాయంత్రంలోగా ఆ ఇంటికి నాలుగు రకాల ఆకులు వచ్చి చేరతాయి. తమిళంవారు సిరుకురింజాన్ అని ఒక పొట్లం ఇస్తారు. కన్నడంవారు మధునాశిని అని ఇంకో పొట్లం ఇస్తారు. మనవాళ్ళు పొడపత్రి అని మరొకటి తెస్తారు. మూడూ ఒకే తీగ అని తెలియక మూడు పొట్లాలూ కలిపి మింగినవారిని నేనెరుగుదును. మూడు భాషల ఊరిలో ఉండే సౌఖ్యాల్లో ఇదొకటి!

ఈ సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చినవి ఈ పొట్లాలే. నేను డాక్టరును కాను, ఆయుర్వేదం చదువుకున్నదాన్ని అంతకన్నా కాను. ముప్పై రెండేళ్ళు ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తం, మూత్రం పరీక్షలు చేసి రిటైరైనదాన్ని. అందుకని ఆకు మందు మాట వస్తే నాకు వైద్యం కన్నా ముందు పరీక్షే తడుతుంది. ఆకును నమ్మేవారున్నారు, ఆకును చూసి నవ్వేవారున్నారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. దీన్ని ఎవరైనా సరిగ్గా పరీక్షించారా? పరీక్షిస్తే ఏం తేలింది?

ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో వెలువడినప్పుడు, 2021 నాటికే మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని తేలింది. మా ఊరికి ఇంకొక చిక్కు కూడా ఉంది. గనులు నడిచినన్నాళ్ళూ కార్మికులకు కంపెనీ ఆస్పత్రి ఉండేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, ఆస్పత్రీ మూతపడింది. పిల్లలు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళకు నెలనెలా మాత్రలు కొనడం బరువే. ఆకు ఊరికే దొరుకుతుంది. మరి ఆకు వైపు చూడరా అంటే, చూస్తారు. చూడడంలో తప్పు కూడా లేదు.

ముందు పొడపత్రి సంగతి చెబుతాను. కోలారు, చిత్తూరు ప్రాంతాల గట్ల మీద పొదలనల్లుకొని పెరిగే తీగ ఇది. శాస్త్రజ్ఞులు జిమ్నీమా సిల్వెస్ట్రె అంటారు. ఆకు నమిలి, ఆ తర్వాత చక్కెర నోట్లో వేసుకోండి. ఇసుక నమిలినట్టుంటుంది, తీపి అన్నది తెలియదు. సెలవులకు వచ్చిన మనవళ్ళకు నేనీ తమాషా చూపించాను. చిన్నవాడు మైసూరుపాకు నోట్లో పెట్టుకొని, ఎవరో మోసం చేసినట్టు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరువలేను. అరగంట, గంటలో నాలుక మళ్ళీ మామూలైపోతుంది.

ఈ గుణాన్ని ఎడ్జ్‌వర్త్ అనే అధికారి గమనించాడు. ఆకు నమిలాక తన టీలో చక్కెర ఉన్నట్టే తెలియలేదట. 1847లో ఆ ముచ్చట లండను పత్రికకెక్కింది. 1887లో ఊటీలో ప్రభుత్వ రసాయన శాస్త్రజ్ఞుడుగా ఉండిన డేవిడ్ హూపర్ ఆకులోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి జిమ్నీమిక్ ఆమ్లం అన్నాడు. నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను అది కాసేపు కప్పేస్తుంది. అంతే. ఇక్కడే మన జనం ఒక గంతు వేస్తారు. నాలుక మీద తీపిని చంపింది గనుక నెత్తుట్లో చక్కెరనూ చంపుతుందని. నాలుక వేరు, నెత్తురు వేరు. మొదటిదాని వల్ల రెండోది జరుగుతుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. రెండోది నిజమే అయినా దానికి వేరే రుజువు కావాలి.

ఆ రుజువు కోసం గట్టిగా ప్రయత్నించినవారు మద్రాసు విశ్వవిద్యాలయం వారు. తరమణిలోని కేంద్రంలో షణ్ముగసుందరం గారి బృందం ఆకు నుంచి సారం తీసి, దానికి జి.ఎస్.4 అని పేరు పెట్టి రోగులకిచ్చింది. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటికే షుగరు మాత్రలు వాడుతున్న 22 మందికి, ఆ మాత్రలతో పాటుగా, రోజుకు 400 మిల్లీగ్రాముల సారం 18 నుంచి 20 నెలలపాటు ఇచ్చారు. రక్తంలో చక్కెర తగ్గింది. మాత్రల మోతాదు తగ్గించగలిగారు. ఐదుగురు మాత్రలు మానేసి సారంతోనే నెట్టుకొచ్చారు. ఇన్సులిను తీసుకొనే 27 మందికి ఇచ్చి చూస్తే ఇన్సులిను అవసరం తగ్గిందని ఇంకొక వ్యాసంలో రాశారు.

ఇది చిన్న మాట కాదు. మద్రాసువారు పడిన శ్రమకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ల్యాబు మనిషిని గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. ఎవరికి సారం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అనేది చీటీ తీసినట్టు నిర్ణయించలేదు. తమకు ఏం ఇస్తున్నారో రోగులకు తెలుసు, వైద్యులకూ తెలుసు. ఇందులో ఉన్న తేడా ఏమిటో చెప్పడానికి మా గనుల కథే ఒకటి చెబుతాను.

1965లో మా ఛాంపియన్ రీఫ్ గనిలో, నేలకు దాదాపు 2,300 మీటర్ల లోతున, టాటా పరిశోధనా సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి న్యూట్రినో అనే అతి సూక్ష్మమైన కణం జాడ పట్టుకున్నారు. ఆకాశం నుంచి వచ్చే కణాన్ని పట్టడానికి పాతాళంలోకి దిగడమేమిటని మా పెద్దవాళ్ళు అప్పట్లో నవ్వుకునేవారట. కారణం తేలిక. పైన ఉంటే ఇతర కణాలు వానలా కురుస్తాయి, ఆ గోలలో ఇది వినబడదు. రెండు కిలోమీటర్ల రాయి అడ్డం పెడితే మిగతావన్నీ ఆగిపోతాయి, వెతికేదొక్కటే మిగులుతుంది. మందు పరీక్షలో కూడా గోల ఉంటుంది. కొత్త మందు మొదలుపెట్టినవాడు నాలుగు రోజులు నడకకు పోతాడు, స్వీటు మానేస్తాడు, ఆశతో ఉంటాడు. చక్కెర దిగుతుంది. దింపింది ఆకా, నడకా? అందుకే రోగులను చీటీ తీసి రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందు, ఇంకొక జట్టుకు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త గుళిక ఇస్తారు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఆ గోల రెండు జట్లలోనూ సమానంగా ఉంటుంది గనుక, చివరికి కనబడే తేడా మందుదే అవుతుంది.

అటువంటి పరీక్ష మాకు వంద కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. అయితే అది పొడపత్రికి కాదు. దొండకు!

అవును, మనం వేపుడు చేసుకొనే దొండే. కన్నడంవారికి తొండెకాయి, తమిళంవారికి కోవక్కాయ. కంచెల మీద పాకే అడవి రకాన్ని మనవాళ్ళు కాకిదొండ అంటారు. దీన్ని 1925లోనే కలకత్తాలో చోప్రా, బోస్ గార్లు రోగుల మీద ప్రయత్నించి ప్రయోజనం కనబడలేదని రాశారు. అక్కడితో కథ ముగిసిపోవలసింది. కాని 1980లో బంగ్లాదేశ్ వైద్యులు దొండాకు మళ్ళీ పరీక్షించి గుణం కనిపించిందన్నారు. ఆ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్లో అచ్చయింది. ఆ తర్వాత బెంగళూరు సెంట్ జాన్స్ సంస్థలో రెబెకా కురియన్, అనూరా కుర్పాడ్ గార్ల బృందం దీన్ని చేతికెత్తుకుంది. 2008లో డయాబెటిస్ కేర్ పత్రికలో ఫలితం వచ్చింది.

వారు ఎంచుకున్నది 60 మందిని. అందరికీ షుగరు కొత్తగా బయటపడింది, ఇంకా మాత్రల దాకా పోలేదు, తిండి, నడక సరిచేసుకుంటే సరిపోయే దశ. వయసు 35, 60 ఏళ్ళ మధ్య. సగంమందికి దొండ ఆకులు, కాయల నుంచి ఆల్కహాలుతో తీసిన సారం రోజుకు 1 గ్రాము, మిగతా సగంమందికి ఉత్త గుళిక. 90 రోజులు. ముగిసేసరికి సారం పుచ్చుకున్నవారిలో పరగడుపు చక్కెర నూటికి 16 వంతులు, తిన్న తర్వాతి చక్కెర 18 వంతులు తక్కువగా ఉన్నాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఏ1సి పరీక్షలోనూ తేడా కనిపించింది.

నాకు ఈ పరీక్ష ఎందుకు నచ్చిందంటే, ఇందులో గొప్పలు లేవు. షుగరు మాయమైందని ఎక్కడా అనలేదు. తగ్గింది, ఇంత తగ్గింది, ఇటువంటివారిలో తగ్గింది అన్నారు. 200 ఉన్నవారికి నూటికి 16 వంతులు తగ్గితే 168 అవుతుంది. మేలే, కాని ఇంకా షుగరే. 300 ఉండి, పదేళ్ళుగా మందులు వాడుతూ, కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషికి ఈ ఫలితం వర్తిస్తుందని వారు చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. ఇంకొక మాట. అది తూకం వేసిన సారం. ఆ పరీక్ష పేరు చెప్పి దొండకాయ వేపుడు రెండుసార్లు వడ్డించుకుంటే లాభం లేదు. నూనె సంగతి వేరే చెప్పాలా?

సారానికీ ఆకుకీ తేడా మా ఊరివారికి తేలికగా తెలుస్తుంది. గనిలోంచి తెచ్చిన రాయిని చూసి అందులో బంగారమెంతో ఎంత అనుభవమున్న మేస్త్రీ అయినా చెప్పలేడు. నలగ్గొట్టి, కరగబెట్టి, అస్సే ఆఫీసులో తూచాల్సిందే. ఒకే షాఫ్టులో పక్కపక్క రాళ్ళలో టన్నుకు వచ్చే గ్రాములు మారిపోతాయి. ఆకూ అంతే. ఏ నేలలో పెరిగింది, ఏ కాలంలో కోశారు, నీడన ఎండబెట్టారా ఎండలో ఎండబెట్టారా అనేదాన్నిబట్టి దానిలోని సత్తువ మారుతుంది. కలకత్తా ఫలితం ఒకలాగా, బెంగళూరు ఫలితం ఇంకొకలాగా ఎందుకు వచ్చాయంటే, మందు తయారీ, మోతాదు, రోగుల స్థితి ఏవీ ఒకటి కావు. అందుచేత రోజుకు నాలుగాకులు అనే లెక్క నాకు లెక్కలా కనిపించదు.

ఇక వంటింటి మాటకొస్తే, మెంతులను మనవాళ్ళే పరీక్షించారు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ గారు ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. 1990లో అచ్చయిన ఒక వ్యాసంలో, ఇన్సులిను మీద ఉన్న రోగులకు నూనె తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు రొట్టెల్లో కలిపి పెడితే మూత్రంలో పోయే చక్కెర నూటికి 54 వంతులు తగ్గిందన్నారు. 1996లో 60 మందికి రోజుకు 25 గ్రాముల చొప్పున 24 వారాలు ఇచ్చి మళ్ళీ చూశారు. మెంతులు నానబెడితే జిగట వస్తుంది కదా, ఆ పీచే అన్నంలోని చక్కెర నెత్తుట్లోకి ఒక్కసారిగా పోకుండా పట్టుకొంటుంది. ఇందులో రహస్యమేమీ లేదు. కాని 25 గ్రాములంటే పులుసులో వేసే చిటికెడు కాదు, రెండు పెద్ద చెంచాలు దాటుతుంది. రోజూ అంత తినడానికి నోరూ పొట్టా ఒప్పుకోవాలి. మా అక్కయ్య నాలుగో రోజుకే విరమించింది.

ఇదే వరసలో చెట్టు ఒకటుంది. మనవాళ్ళు ఏగిస, పెద్దేగి అంటారు, సంస్కృతంలో విజయసారం, తమిళంలో వేంగై. కన్నడంలో హొన్నె. హొన్ను అంటే బంగారం గనుక మా ఊళ్ళో ఆ పేరు పలకడమే ఒక ముచ్చట. ఆ కొయ్యతో చేసిన లోటాలు తిరునాళ్ళలో అమ్ముతారు. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి రంగు తిరుగుతుంది, అది తాగితే షుగరు పోతుందంటారు. భారత వైద్య పరిశోధనా మండలివారు ఈ చెట్టును తేలిగ్గా తీసిపారేయలేదు. కొత్తగా షుగరు బయటపడిన 97 మందికి దాని సారం ఇచ్చి చూస్తే 67 మందిలో చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించారు. అందులో పోల్చి చూడడానికి రెండో జట్టు లేదు. ఆ లోటు తీర్చడానికి టోల్బుటమైడ్ అనే పాత మాత్రతో పోలుస్తూ, ఎవరికీ తెలియకుండా చీటీ పద్ధతిలో ఇంకో పరీక్ష జరిపి 2005లో ఫలితాలిచ్చారు. అందులోనూ పనితనం కనిపించింది. అయితే రోగులకు ఇచ్చింది 2 నుంచి 4 గ్రాముల వరకు తూచిన సారం. మన లోటా మొదటి వారం ఒక రకంగా, ఆరో నెలలో ఒక రకంగా దిగుతుంది. లోటాకు తూకమెక్కడిది?

ఆకు వద్దు, ఇంగ్లీషు మందే మేలు అని నేను అంటున్నానని కొందరికి అనిపించవచ్చు. అలా అనుకొనేవారికి మెట్‌ఫార్మిన్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఇవాళ షుగరు తేలగానే డాక్టరు మొదట రాసే మాత్ర అదే. దాని పూర్వీకం ఐరోపాలో పెరిగే గలీగా అనే మొక్కలో ఉంది. అతిమూత్రానికి అక్కడి పల్లె జనం వాడుకున్న మొక్క అది. పశువులు ఎక్కువగా మేస్తే చచ్చిపోయేవి. అంటే గుణమూ విషమూ ఒకే ఆకులో ఉన్నాయి. దానిలోని గ్వానిడిన్ జాతి పదార్థాన్ని పట్టుకొని, మార్చి, విషం తగ్గించి, 1922లో ప్రయోగశాలలో మెట్‌ఫార్మిన్ తయారుచేశారు. అప్పుడే ఇన్సులిను వచ్చింది గనుక దీన్నెవరూ పట్టించుకోలేదు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మనుషుల మీద వాడి చూపించాడు. అమెరికావారు ఒప్పుకున్నది 1994 చివరిలో. ఆకు నుంచి మాత్ర దాకా ఆ దారి అంత పొడుగు.

ఇక్కడ ఎలుకల సంగతి రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే పేపర్లలో వచ్చే శుభవార్తల్లో చాలాభాగం ఎలుకలవే. ఎలుకకు స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు పొడిచి దాని క్లోమంలో ఇన్సులిను తయారుచేసే కణాలను చంపుతారు. అప్పుడు దానికి షుగరు వస్తుంది. ఆకు సారమిచ్చి తగ్గిందా అని చూస్తారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు వచ్చే షుగరు అలా వచ్చింది కాదు. ఇన్సులిను ఉండి కూడా ఒంటికి పట్టక, పొట్ట పెరిగి, ఏళ్ళ తరబడి వచ్చింది. భద్రత పరీక్షలూ ఎలుకలతోనే మొదలవుతాయి. కిలో బరువుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఒక్క మోతాదుగా ఇచ్చి పద్నాలుగు రోజులు గమనిస్తారు. చావకపోతే తొలి గండం గడిచినట్టు. తర్వాత 28 రోజులు, 90 రోజులు రోజూ ఇచ్చి కాలేయం, మూత్రపిండాలు చూస్తారు. ఒక్క మోతాదుకు చావలేదన్నదాన్ని పట్టుకొని పూర్తిగా నిరపాయం అని డబ్బా మీద అచ్చు వేసే కంపెనీలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు మా బావగారి విషయం చెప్పాలి. మా అక్కయ్య భర్త, గనిలో ముప్పై ఏళ్ళు దిగినవారు. షుగరు వచ్చి పన్నెండేళ్ళు. ఉదయం, రాత్రి గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకొనేవారు. సంతలో ఒకరు షుగరు పొడి అని అమ్మితే తెచ్చుకొని, మాత్ర మానకుండా, ఇంట్లో చెప్పకుండా, రాత్రిపూట రెండు చెంచాలు తీసుకోవడం మొదలుపెట్టారు. వారం బాగానే ఉన్నారు. చక్కెర 220 నుంచి 140కి దిగిందని నాకు ఫోను చేసి, "ఏం మరదలా, మీ ల్యాబువాళ్ళు చెయ్యలేనిది సంతవాడు చేశాడు సూడు" అని ఎగతాళి కూడా చేశారు. తొమ్మిదో నాడు రాత్రి అలసటగా ఉందని సంగటి సగం వదిలేసి పడుకున్నారు. మూడు గంటలకు అక్కయ్యకు మెలకువ వచ్చి చూస్తే పరుపు తడిసిపోయేటంత చెమట, మాట తడబాటు, పిలిస్తే గుర్తుపట్టడం లేదు. కోడలు తెలివిగలది. షుగరు మిషనుతో చూస్తే 48. ఇంకా మింగగలుగుతున్నారు గనుక చక్కెర నీళ్ళు చెంచాతో పట్టించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలా గంటలుంటుంది గనుక రెండు రోజులు ఉంచుకొని పంపారు.

ఆ పొడిలో ఏముందో మాకు తెలియదు. పొడపత్రే ఉండి, మాత్రకు తోడై చక్కెరను మరీ దించి ఉండవచ్చు. సంగటి తినకపోవడమూ దానికి కలిసివచ్చి ఉంటుంది. లేదా పొడిలోనే షుగరు మాత్ర నూరి కలిపి ఉండవచ్చు. ఇది నా ఊహాపోహ కాదు. మూలికలనే పేరుతో అమ్మే సరుకులో అల్లోపతి మాత్రలు పట్టుబడడం దేశదేశాల్లో జరిగిందే. 2008లో సింగపూరులో, షుగరు లేని మగవారు కూడా, వేరే అవసరానికి అమ్మిన దొంగ మందులు మింగి, చక్కెర పడిపోయి ఆస్పత్రుల పాలయ్యారు. సుమారు 150 మంది. నలుగురు చనిపోయారు. వాటిలో ఉన్నది గ్లిబెన్‌క్లమైడే, మా బావగారి మాత్రే! సంత పొడి వారం రోజుల్లో అద్భుతం చేసిందంటే నేను సంతోషించను, అనుమానిస్తాను.

లోహాల సంగతి ఒకటుంది. 2004లో అమెరికాలో బోస్టన్ దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద సరుకులను పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో హద్దు మీరి ఉన్నాయి. పిల్లలకు వేసవి సెలవుల్లో ఇక్కడి నుంచి పొట్లాలు కట్టి విదేశాలకు పంపే అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇది గుర్తుంచుకోవాలి. కాలేయం మాట కూడా చెబుతాను. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో తిప్పతీగ కషాయం కాచారు కదా. 2021లో బొంబాయి డాక్టర్లు దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ శాఖవారు ఒప్పుకోలేదు, తీగను సరిగ్గా గుర్తించకుండా నిందించారన్నారు. మరుసటి ఏడు పలు ఆస్పత్రులవారు కలిసి ఇంకా ఎక్కువమందిని చూపించారు. పొడపత్రి వల్ల కూడా ఒక రోగికి కాలేయం వాచిందని 2010లో ఒక నివేదిక వచ్చింది. లక్షలమంది వాడేదానిలో ఒకటి రెండు కేసులు చూసి భయపడనక్కరలేదు. కాని 22 మందిలోనో 60 మందిలోనో ఏ హానీ కనబడలేదు అంటే, వెయ్యిమందిలో ఒకరికి వచ్చే హాని వాటిల్లో కనబడే అవకాశమే లేదు అని కూడా అర్థం చేసుకోవాలి.

మా ఇంట్లో ఆ తర్వాత జరిగిందేమిటంటే, బావగారు ఆకు మానలేదు! మనిషి మొండి. అయితే ఈసారి డాక్టరు దగ్గరికి పొట్లంతో సహా వెళ్ళి చెప్పారు. డాక్టరు కోప్పడలేదు. గ్లిబెన్‌క్లమైడ్ తీసేసి, చక్కెరను అంతగా పడెయ్యని వేరే మాత్ర రాశారు. సంత పొడి చెత్తబుట్టలో వేయించారు. ఆకు పుచ్చుకోవాలనే ఉంటే గుర్తింపు ఉన్న తయారీ ఒక్కటే, ఒకే మోతాదులో, మూడు నెలలు చూడమన్నారు. మొదలుపెట్టే ముందు నేను చెప్పి చేయించినవి హెచ్‌బిఏ1సి, కాలేయానికి ఎస్‌జిపిటి, మూత్రపిండాలకు క్రియాటినిన్. మూడు నెలలకు మళ్ళీ అవే. మూడు నెలలే ఎందుకంటే, ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు, అందులో అంటుకున్న చక్కెరను బట్టి సగటు తెలుస్తుంది. పరగడుపు చక్కెర ఒక్కటే చూస్తే నిన్న రాత్రి ఉపవాసం కూడా మందు ఖాతాలో పడుతుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, తిన్నది, నడిచింది, చక్కెర రాయమన్నాను.

మూడు నెలల తర్వాత హెచ్‌బిఏ1సి 8.4 నుంచి 7.6కు దిగింది. ఆయన గర్వంగా ఆకుదే గొప్ప అన్నారు. నోటుపుస్తకం తీసి చూపించాను. సంగటి ముద్ద సగమైంది, నడక రోజుకు నలభై నిమిషాలైంది. "బావా, మీరే చెప్పండి, ఇందులో ఆకు వాటా ఎంత?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "తెలుసుకోవాలంటే ఆకు మానేసి మిగతావి చేసి సూడాల గదా" అన్నారు. చదువుకోని మనిషి, అస్సే ఆఫీసు ఎదుట ముప్పై ఏళ్ళు నడిచిన మనిషి! చెప్పినట్టే ఆకు ఆపి, ఇంకో మూడు నెలలు మాత్ర, సగం సంగటి, నడకతో గడిపారు. ఆ తర్వాత చూస్తే 7.5. ఒక మనిషి మీద చేసిన లెక్క లోకానికి పనికిరాదు, ఆయనకు మాత్రం పనికొచ్చింది.

సంగటి అన్నాను గనుక ఒక మాట. మా కోలారు జిల్లాలో రాగి తింటే షుగరు రాదని ఒక ధీమా ఉంది. రాగిలో పీచు ఉన్నమాట నిజమే. కాని సంగటిలో నూకలు ఎంత పడ్డాయి, ముద్ద ఎంత పెద్దది అనేది కూడా చూడాలి కదా. కొబ్బరికాయంత ముద్దను ఏ పీచూ ఆదుకోలేదు.

ఇన్సులిను మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వేరుగా చెప్పాలి. చిన్నతనంలో వచ్చే షుగరులో శరీరానికి సొంత ఇన్సులిను ఉండదు. ఏ ఆకు కోసమూ సూది ఒక్క రోజు కూడా ఆపకూడదు, ఆపితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు, బాలింతలు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు సొంతంగా ఆకు మందు మొదలుపెట్టనే కూడదు. షుగరును పూర్తిగా మాన్పిస్తామని ప్రకటన వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం. అటువంటి ప్రకటన కంటబడితే మందు సంగతి తర్వాత, వేసినవాడి సంగతి అక్కడే తెలిసిపోతుంది.

చివరగా మా కె.జి.ఎఫ్. వారికి, చుట్టుపక్కల ఊళ్ళవారికి ఒక మనవి. తంగేడు పూలు ఎండబెట్టి టీ కాచుకొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. తమిళంవారి ఆవారం కషాయమూ అదే. పొదలెక్కడ కనబడితే అక్కడ కోస్తున్నారు. మన ఊరి చుట్టూ ఉన్న సైనైడు దిబ్బలు 13. నూరేళ్ళపాటు రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేశాక మిగిలిన మట్టి అది, దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు. గాలివాటానికి ఆ దుమ్ము ఎక్కడెక్కడ పడిందో కంటికి కనబడదు. నేలలో ఉన్న లోహాన్ని మొక్క తాగుతుంది, ఆకులో దాచుకొంటుంది. మందుమొక్కలు ఎక్కడ పెరిగాయో, నేల ఎటువంటిదో చూసి మరీ కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే నియమాలు రాసింది. పైగా ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీయడానికి వేలం వేసేందుకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సరేనన్నది. కదిలిస్తే దుమ్ము ఇంకా లేస్తుంది. తంగేడు కావలసినవారు దిబ్బలకు బాగా దూరంగా, చేలగట్ల మీద కోసుకోండి. ఇంటికి తెచ్చి నాలుగు నీళ్ళలో కడిగినా ఆకు లోపలిది పోదు. మా దొండపందిరి కింద మట్టి నేను మాలూరు వైపు నుంచి బండి మీద తెప్పించుకున్నాను.